రెండు వందల పన్నెండు నిమిషాలు

ఫాల్గుణ బహుళ విదియ. పొద్దుటి పాటుకి 104 నిమిషాలు. ఏడు గేట్లూ పలికాయి.

ఈ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని కరకట్ట సంఘం నియమం. ముప్పై ఏళ్లుగా పాటించాను. ఇవాళ మెట్ట నుంచి పడవ మీద కంప్యూటర్ వచ్చింది. ఇకమీదట అంకెలన్నీ అదే రాసి పెట్టుకుంటుందట. పుస్తకంలో ఇంకా నలభై కాయితాలు మిగిలాయి. తెల్లకాయితం పారేయడం నాకు చేతకాదు. అబద్ధమాడటం మాత్రం బాగా చేతనవును. ఆ విద్య గురించే ఈ కాయితాల మీద రాస్తాను.

నా పేరు సైకం నాంచారయ్య. డెబ్బై రెండేళ్లు. ఏడుగేట్ల లంకలో కేకమనిషిని. ఇదేం ఉద్యోగమో తెలియనివాళ్లు ముందు ముందు చదవొచ్చు గనుక చెబుతున్నాను. మా లంక ఇప్పటి సముద్రం కన్నా పల్లం. చుట్టూ కరకట్ట, కట్టకు ఏడు గేట్లు. రోజుకు రెండుసార్లు సముద్రం దిగుతుంది, అది పాటు. రెండుసార్లు ఎక్కుతుంది, అది పోటు. పాటులో గేట్లు ఎత్తి పొలాల్లోని మురుగునీరు వదలాలి, పోటు తిరిగేలోగా దించాలి. ఎన్ని నిమిషాలు ఎత్తి ఉంచాలో పెట్టె చెబుతుంది. ఆ అంకెను నేను మంచె ఎక్కి అరుస్తాను. ఒకటో గేటు నుంచి ఏడో గేటు దాకా ఒక్కొక్కరే అదే అంకెను తిరిగి అరవాలి. ఏడూ పలికితేనే గొలుసు కదులుతుంది. ఆ తర్వాత అంకె నిండేదాకా, నెత్తిన పిడుగు పడ్డా సరే, ఎవరూ తలుపు దించరు. మా తాతల కాలంలో ఎవరి గేటు వాళ్లిష్టమట. ఒకరి మురుగు ఇంకొకరి చేలో పడి, గేటుకొక తల చొప్పున పగిలేదట. అందుకని ఈ కట్టుబాటు.

పెట్టె అంటే కాలిక్యులేటర్. అరచేతికన్నా కాస్త పొడవు, యాభై మీటలు, గీతలు గీసి చూపించే చిన్న తెర. దాని లోపల పోటుపాటుల లెక్క ప్రోగ్రాంగా రాసి ఉంది. ఏ తిథో చెబితే ఎన్ని నిమిషాలో చెబుతుంది. మాకు తేదీలు కూడా చంద్రుడివే. సముద్రం ఇంకో క్యాలెండర్ చదవదు.

ఆ పెట్టెకు ఇప్పుడు కాలం దగ్గరపడింది. తెర కుడి పక్క నుంచి నిలువుచారలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. బ్యాటరీలు అడుగంటాయి. వాటిని మార్చేటప్పుడు లోపలి రాత చెరిగిపోకుండా కాపాడే బొత్తాం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అంటే పాతవి తీసిన మరుక్షణం ప్రోగ్రాం మాయం. బయట నుంచి కరెంటు ఇద్దామంటే లోపలి స్ప్రింగులు ముట్టుకుంటే రాలేలా ఉన్నాయి. అందుకే సంఘం అధ్యక్షురాలు నాగిడి కోటేశ్వరి మెట్టలోని పాతసరుకు షెడ్డులో ఒక కంప్యూటర్ని బాగుచేయించి, బాగుచేసిన మనిషిని కూడా దాంతోపాటే దింపింది. పెట్టెలో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ మనిషి పేరు ఎస్తేరు, నలభై లోపు ఉంటుంది. దిగీ దిగగానే పెట్టె అడుగున ఉన్న చిన్న రంధ్రంలోకి టార్చి వేసి చూసింది.

"తాతా, దీంతో వచ్చిన వైరేది?"

"వైరా? అట్టాంటిదేం రాలేదమ్మా."

"ఇంత ముచ్చటగా బొక్క పెట్టి వైరియ్యనోడెవడో, వాడి నోట్లో మన్ను పడ."

కోటేశ్వరి నన్ను చూసి నవ్వింది. "అదేంది బాబాయ్, వైరడిగితే పన్ను పీకుతానన్నట్టు మొహం పెట్టావు?"

వైరు ఉంది. నా ఇనప్పెట్టెలో, పెళ్లినాటి పంచె మడతలో, ముప్పై ఏళ్లుగా ఉంది.

బహుళ పంచమి. 12 తర్వాత ఏముందో కనపడలేదు. 120 అని అరిచాను. ఏడూ పలికాయి.

ఒకట్ల స్థానం పోయింది. తక్కువ చెబితే కాస్త మురుగు మిగులుతుంది, ఎక్కువ చెబితే ఉప్పు వస్తుంది. అందుకని తక్కువ.

ఎస్తేరు తన సంచిలోని ఇయర్‌ఫోన్ వైర్లన్నీ ప్రయత్నించింది. అన్నింటి పిన్నులూ లావు. పాత సెల్‌ఫోన్‌ది ఒకటి సరిగ్గా దూరింది గానీ, లోపల రెండు తీగలే ఉన్నాయి. కావలసినవి మూడు.

"ఈ రెండు తీగలూ మాట్లాడుకునేవి తాతా, మూడోది ఊరికే నేలకి. పెట్టె ఒక ముక్క చెప్పుద్ది. కంప్యూటర్ 'ఆ' అనాలి. అంటేనే ఇది రెండో ముక్క చెప్పేది. 'ఆ' అనకపోతే నోరు మూసుకుని కూకుంటది."

"మా గేట్లలాగా."

"అట్టాగా? అయితే మీరు కూడా పాతసరుకే."

"ఇంతకీ ఈ ప్రోగ్రాం రాసిందెవరు?" అని అడిగింది తర్వాత. కోటేశ్వరి మొహం ముడుచుకుంది. "ఆ పేరు కట్ట మీద అనకూడదు," అంది.

అనకూడదు, నిజమే. కానీ ఆ పేరు మీద నేను రోజుకు రెండుసార్లు మీట నొక్కుతున్నాను. ప్రోగ్రాం పేరు రత్నం. రాసినామె పేరు శేషారత్నం. ఇక్కడ అనడం లేదు, రాస్తున్నాను.

ఆమె మెట్టలో లెక్కలు చదువుకుని, ఈ లంకలో మేనత్తను చూడటానికి వచ్చి ఉండిపోయింది. అప్పటికి నేను కేకమనిషినే. అంకె మాత్రం మా నాన్న నేర్పినట్టు నీళ్ల రంగు చూసి చెప్పేవాణ్ణి. వారానికోసారి తప్పేది. శేషారత్నం ఏడాదిపాటు కట్ట కింద గుర్తుల కర్ర పాతి, ప్రతి పోటుకీ ప్రతి పాటుకీ నీటిమట్టం రాసుకుంది. ఆ రాతలన్నీ కలిపి పెట్టెలోకి ఎక్కించింది. అప్పటి నుంచి అంకె తప్పలేదు. నన్ను అన్నయ్యా అని పిలిచేది.

నాకు బడిచదువు లేదు. ఇంగ్లీషు మందుసీసాల మీద నేర్చుకున్నాను. అందుకే నాకు ఆ భాషలో రెండు వాక్యాలు బాగా వచ్చు: రోజుకు మూడుసార్లు, పిల్లలకు అందకుండా ఉంచవలెను. శేషారత్నం విని, "ఆ రెండోది చాలన్నయ్యా, పెట్టెను చూసుకోడానికి అంతకన్నా ఏం కావాలి," అనేది. పాక కప్పుకు వాసాలు వాలుగా కోయడానికి కోణాల లెక్క కూడా ఆమే నేర్పింది. అదివరకు నా పాకలన్నీ ఒక పక్కకి తొంగిచూస్తూ ఉండేవి. లెక్క వచ్చాక నా అంత వడ్రంగి లేడనుకున్నాను. నా బతుకులో గర్వపడిన కాలం ఏదైనా ఉంటే అదే, మొత్తం మీద నాలుగు నెలలు.

కోణాన్ని కొలిచే పద్ధతులు రెండు. వడ్రంగులది డిగ్రీల పద్ధతి. పోటుపాటుల లెక్కకు వాడేది వేరే పద్ధతి, దాన్ని రేడియన్ అంటారు. పెట్టెలో ఒకచోట ఏది కావాలో ఎంచుకోవాలి. ఎంచుకున్నది మళ్లీ మార్చేదాకా అలాగే ఉండిపోతుంది.

ముప్పై ఏళ్ల కిందట, ఫాల్గుణ అమావాస్యకు ముందురోజు, గేదెల పాకకు వాసాలు కోస్తూ పెట్టెను డిగ్రీల్లోకి మార్చాను. తిరిగి మార్చడం మరిచిపోయాను. తెల్లారి శేషారత్నానికి జ్వరం. "మీరే మీట నొక్కి చదవండన్నయ్యా," అని కబురు పెట్టింది. నొక్కాను. 212 అంది పెట్టె. అమావాస్యకి ఎప్పుడూ తొంభై దాటదని నాకు తెలుసు. కానీ అప్పటికి నాకు పెట్టె మీద భక్తి కుదిరింది. మంచె ఎక్కి రెండు వందల పన్నెండు అని అరిచాను. ఏడు గేట్లూ పలికాయి.

తొంభయ్యో నిమిషానికి నీళ్లు తిరగబడ్డాయి. గేట్ల మీదున్న ఏడుగురూ నీళ్ల వంక ఒకసారి, గడియారం వంక ఒకసారి చూస్తూ నిలబడ్డారు. నేను మంచె మీద నిలబడ్డాను. అంకె ఇంకా నిండలేదు. ఎవరూ గొలుసు ముట్టుకోలేదు. రెండు గంటలపాటు సముద్రం తాపీగా లోపలికి వచ్చి, తూర్పు చెక్క పద్దెనిమిది ఎకరాల్లో కూర్చుంది. ఆ చెక్క కోటేశ్వరి తండ్రిది.

ఇలాంటి తెలివితక్కువ పని ప్రపంచంలో మా లంకవాళ్లే చేయగలరు. నేను లేకపోతే వాళ్లు కూడా చేసి ఉండరు.

బహుళ అష్టమి. 15 తర్వాత కనపడలేదు. 150 అన్నాను. ఏడూ పలికాయి.

ఎస్తేరు ఇవాళ వైరు తయారుచేయడానికి కూర్చుంది. రాగితీగ దొరికింది, పిన్ను దొరకలేదు. ఒక సన్న మేకును అరగదీసి పిన్ను చేస్తోంది. పొద్దుటి నుంచి ఆమె వేళ్లు చూస్తున్నాను. రెండింటికి గుడ్డ కట్టు కట్టుకుంది. నా పంచె మడతలో వైరుంది.

మిగిలింది కూడా రాస్తాను. ఆ రోజు సాయంత్రం పెట్టె తీసి చూస్తే తెర మూలన డిగ్రీ అని ఉంది. రేడియన్‌లోకి మార్చేశాను. మర్నాడు సంఘం వాళ్లు పెట్టె తెప్పించి అదే తిథి ఇచ్చి నొక్కారు. 88 వచ్చింది. "నువ్వేమన్నా మార్చావా నాంచారయ్యా?" అని అడిగారు. "నేను మీట నొక్కానంతే," అన్నాను. ఆ మాటలో వెతికినా అబద్ధం దొరకదు. అందుకే ఇన్నాళ్లు నిలిచింది. శేషారత్నమే తప్పు రాసి, తర్వాత గుట్టుగా దిద్దుకుందని తేల్చారు.

కట్ట లోపలికి ఉప్పు తెచ్చినవాళ్లు కట్ట దిగిపోవాలి. ఆ పేరు కట్ట మీద ఎవరూ పలకకూడదు. పాడైన చేలో మన్ను ఏటేటా, ఏడాది ఆఖరి రోజున, నోట్లో వేసుకుని చూస్తారు. ఉప్పు పోయి తియ్యబడితే ఆ మనిషి తిరిగి రావచ్చు, ఆ చేను దున్నవచ్చు. అప్పటిదాకా రెండూ లేవు. శేషారత్నం జ్వరంతోనే పడవెక్కింది. నా వంక చూసి, "పెట్టె తడవనివ్వకండన్నయ్యా," అంది.

తడవనివ్వలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత, పెట్టెతో వచ్చిన పుస్తకంలో చెదలు తినగా మిగిలింది చదువుతుంటే ఒక సంగతి బయటపడింది. శేషారత్నం ప్రోగ్రాం ఊరికే లెక్క వేసి ఊరుకోలేదు. మొదటి రెండేళ్లలో వేసిన ప్రతి లెక్కనూ ఒక జాబితాలో దాచుకుంది. మొదటి నిలువువరుసలో రోజు, రెండో దానిలో నిమిషాలు, మూడో దానిలో ఒక పరీక్ష అంకె. పెట్టె రేడియన్‌లో ఉంటే ఆ పరీక్ష అంకె సున్నా పాయింట్ ఎనభై తొమ్మిది. డిగ్రీల్లో ఉంటే ఒకటి. కిందికి దింపుతూ పోయాను. అన్నీ సున్నా పాయింట్ ఎనభై తొమ్మిదే. ఒక్కచోట ఒకటి. దాని పక్కన 212.

మూడు మీటలు నొక్కితే ఆ జాబితా చెరిగిపోతుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ మూడు మీటలూ నాకు తెలుసు. నొక్కలేదు. నా మంచితనం అనుకోవద్దు. నేను సాక్ష్యం చెప్పనివాణ్ణే గానీ చెరిపినవాణ్ణి కాదు అని నాకు నేను చెప్పుకోవడానికి ఒక వంక కావాలి. ఆ జాబితా ఆ వంక. ప్రోగ్రామ్‌ని కాయితం మీద దించుకుందామని ఎవరడిగినా, తెరిస్తే చెడిపోతుందని చెప్పి పంపేశాను. అలా దించి ఉంటే ఇవాళ ఈ అవస్థే లేదు.

బహుళ దశమి. పదుల స్థానంలో పై గీత ఒక్కటే కనిపించింది. 150 అన్నాను. ఏడూ పలికాయి.

పై గీత అయిదుకీ ఉంటుంది, మూడుకీ ఉంటుంది. అష్టమినాడు అయిదే గదా అని అయిదు అనుకున్నాను.

నూట ముప్పై చిల్లరకి నీళ్లు తిరగబడ్డాయి. అంకె నిండేదాకా పావుగంట పైన సముద్రం నాలుగో గేటులోంచి కాలవలోకి వచ్చింది. ఏడుగురూ గొలుసులు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. నేను మంచె మీద నిలబడ్డాను. జానెడు నీళ్లు, చేలదాకా ఎక్కలేదు. మధ్యాహ్నం కాలవలో చేపలు తేలాయి.

కోటేశ్వరి ఆ కాలవ గట్టు మీదే కూర్చుని ఉంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"చిన్నప్పుడొకసారి చూశా బాబాయ్ ఇట్టా నీళ్లు ఎదురు రావడం. మా నాయన ఏడో గేటు మీదున్నాడు. మన చేలోకే వత్తన్నాయి, దించు నాయనా అని నేను ఏడుత్తుంటే, అంకె నిండలేదమ్మా అన్నాడు."

"ఊఁ," అన్నాను.

"రేపటేలకి పెట్టె మొత్తం చీకటైపోతే అప్పుడేంది? నీళ్ల రంగు చూసి చెబుతావా?"

ఇంటికి వెళ్లి ఇనప్పెట్టె తెరిచాను.

ఎస్తేరు వైరును అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు కొసలనూ వాసన కూడా చూసింది. "ఎక్కడ దొరికింది తాతా?"

"పంచెలో."

"ముడత పడలా, తుప్పు పట్టలా. గుడ్డలో చుట్టి, కలరా ఉండలేసి మరీ పెట్టావు. లేదన్న వస్తువుని ఇంత పదిలంగా దాచినోణ్ణి నేను చూళ్లేదు." గుడ్డ కట్టిన వేళ్లు నా ముందు చాచింది. "ఇయ్యి చూశావుగా?"

చూశానన్నాను.

బహుళ ద్వాదశి. 117. కంప్యూటర్ చెప్పింది. ఏడూ పలికాయి.

పొద్దున్నే కలిపింది. వైరు ఒక కొస పెట్టె అడుగున, ఇంకో కొస కంప్యూటర్ వెనక. కోటేశ్వరి పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"ప్రోగ్రాం ఒక్కటే తీయొచ్చా అమ్మా?" అని అడిగాను.

"ఏది ఏదో చూసి ఏరుకోవాలంటే తెర ఉండాలిగా తాతా. ఉన్నదంతా లాగేత్తాను."

లాగింది. ఒక ముక్క, ఒక 'ఆ'. ఒక ముక్క, ఒక 'ఆ'. కంప్యూటర్ తెర మీద పచ్చని పట్టీ ఒకటి నత్తలాగా జరిగింది. ఏడు నిమిషాలు పట్టింది. నిండీ నిండగానే పెట్టె తెర ఒకసారి నల్లబడి, తెల్లబడి, ఆరిపోయింది. మళ్లీ ఎంత నొక్కినా లేవలేదు. ముప్పై ఏళ్లు ఊళ్లో నాకున్న పరువంతా ఆ పెట్టెదే. అది తన మాటంతా చెప్పేదాకా ఓపిక పట్టి, అప్పుడు పోయింది. నాకు ఆపాటి కూడా చేతకాలేదు.

ఎస్తేరు ప్రోగ్రాం తెరిచింది. తర్వాత జాబితా తెరిచింది. ఇంత తెర మీద అది గోడ మీద ముగ్గులా కనిపించింది.

"ఇదేంది తాతా? ఈ చివర అన్నిట్లో సున్నా పాయింట్ ఎనభై తొమ్మిది. ఒక్కదాంట్లో ఒకటి. దాని పక్కన రెండొందల పన్నెండు."

కోటేశ్వరి పీట మీద కదిలింది. "రెండొందల పన్నెండా?"

లంకలో ఆ వయసువాళ్లెవరికీ ఆ అంకె మళ్లీ చెప్పక్కర్లేదు.

"పాతది గదా," అన్నాను. "ఆ రోజు పెట్టె చెడిపోయి ఉంటది."

ఎస్తేరు వైరు చుట్ట చుడుతూ, నా వంక చూడకుండా అంది. "ఒక్క రోజు చెడి, తెల్లారేసరికి తనంతట తనే బాగయ్యే యంత్రాన్ని నేనెక్కడా చూళ్లేదు తాతా. అట్టా చేసేది మనుషులే."

బహుళ చతుర్దశి. 95. ఏడూ పలికాయి.

అంకె స్పష్టంగా, కళ్లజోడు లేకుండా కనపడుతోంది. నాకిక ఊహించే పని లేదు. మనిషికి పని తగ్గితే జ్ఞాపకం పెరుగుతుంది కాబోలు.

రేపు మన్ను రుచి చూసే రోజు. కట్టుబాటు ప్రకారం ఆ పని ఒక్కడిదే. అంకె పలికే నోరే మన్ను సంగతీ చెప్పాలి, ఇంకెవరూ ముట్టకూడదు. అబద్ధం పలకని నోరు లంకకు ఒకటుంటే చాలని పెద్దవాళ్ల ఉద్దేశం. ఆ నోరు నాది.

మొదటి పద్దెనిమిదేళ్లు మన్ను ఉప్పగానే ఉంది, ఉప్పే అన్నాను. పంతొమ్మిదో ఏడు నాలుక మీద వేసుకుంటే ఏ రుచీ లేదు. వాన తడిపిన కుండపెంకు రుచి. తియ్యబడింది. అందరూ నా మొహం చూస్తున్నారు. తియ్యబడిందంటే శేషారత్నం వస్తుంది. వస్తే మొదట అడిగేది పెట్టెనే. జాబితా ఎక్కడుందో నాకన్నా ఆమెకు బాగా తెలుసు.

"ఉప్పే," అన్నాను.

పదకొండేళ్లుగా అదే మాట. డిగ్రీ సంగతి పొరపాటు. మీట నొక్కానంతే అన్నది భయం. దీనికి నేను పేరు వెతకలేదు. పదకొండేళ్లుగా శేషారత్నం రాలేదు. పదకొండేళ్లుగా కోటేశ్వరి పద్దెనిమిది ఎకరాలూ తుంగ మొలిచి పడి ఉన్నాయి. ఆమె ఇంటికి నన్ను ఏటా కొత్త బియ్యం అన్నానికి పిలుస్తుంది. కౌలుకు చేసిన చేలో పండినవి. వెళ్లి తిన్నాను. మారు కూడా వేయించుకున్నాను.

ఫాల్గుణ అమావాస్య. 88. ఏడూ పలికాయి.

తూర్పు చెక్క గట్టు మీద లంకంతా నిలబడింది. ఎస్తేరు కూడా వచ్చింది. తుంగను పక్కకు నెట్టి, చిటికెడు మన్ను తీసి నోట్లో వేసుకున్నాను.

"తీపి," అన్నాను.

గట్టు మీద గుసగుస లేచింది. అది ఆగకముందే మిగిలింది చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలుసు. "ఇయ్యాల కాదు, పదకొండేళ్లుగా తీపే. ఉప్పని నేను అబద్ధం చెప్పాను. ఆ రోజు మీట నొక్కానంతే అన్నాను. అంతకు ముందురోజు ఇంకో మీట కూడా నొక్కాను. గేదెల పాక కోసం. రెండొందల పన్నెండు నాది. శేషారత్నానిది కాదు."

ఆ పేరు కట్ట మీద వినపడగానే ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు అలవాటుగా చెవులు మూసుకున్నారు.

కోటేశ్వరి గట్టు దిగి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఆరేళ్ల కింద ఒకసారి, ఎవరూ లేకుండా చూసి, నేనూ ఈ మన్ను నాకి చూశా బాబాయ్. తియ్యగానే ఉంది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నా నాలుక చెడిందనుకున్నా. నీ నోరు చెడిందనుకోలా."

మూడో గేటు వెంకటరంగం గొంతు సవరించుకున్నాడు. "కట్టుబాటంటే కట్టుబాటే. కట్ట దిగాల."

"ఎందాకా?" అంది కోటేశ్వరి, నా మీద నుంచి కళ్లు తిప్పకుండా.

"మన్ను తియ్యబడేదాకా."

"తియ్యబడిందిగా. ఇప్పుడే చెప్పాడుగా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అంతే, నాకు శిక్ష లేదు. ఉన్న శిక్షనంతా శేషారత్నం ముందే అనుభవించేసింది. నా వంతుకు ఏమీ మిగల్లేదు.

"నేనే దిగిపోతాలే," అన్నాను.

"దిగి ఎక్కడ కూకుంటావు? ఆవిడ పక్కింట్లోనా?" అంది కోటేశ్వరి. "ఇక్కడే ఉండు. రోజూ నా కళ్లబడు."

చైత్ర శుద్ధ షష్ఠి. 132.

కోటేశ్వరి రెండుసార్లు మెట్టకు వెళ్లింది. మొదటిసారి ఒంటరిగా తిరిగొచ్చింది. రెండోసారి శేషారత్నం వచ్చింది. మెట్టలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతికిందట. జుట్టంతా తెలుపు. పడవ దిగి, చేత్తో తడుముకుంటూ కట్ట ఎక్కింది. కళ్లకు శుక్లాలు.

కంప్యూటర్ పెట్టిన గది గుమ్మంలో నిలబడి, ఆమెకు చెప్పాల్సింది చెప్పాను. వారం రోజులుగా నోట్లో నలిగిన మాటలు. పూర్తిగా విన్నది.

"నాకు తెలుసు నాంచారయ్యగారూ," అంది. "దిగిన పదో రోజున, జ్వరం తగ్గాక, కాయితం మీద డిగ్రీల్లో వేసి చూశాను. రెండు వందల పన్నెండు వచ్చింది."

"మరి చెప్పలేదే అమ్మా?"

"పెట్టె మీ దగ్గర. పలికే నోరు మీది. నా దగ్గరున్నది కాయితం ముక్క. మీరే చెబుతారని ఏటా ఈ రోజుల్లో రేవుకొచ్చి కూర్చునేదాన్ని. తర్వాత మానేశాను."

ఎప్పుడు మానేసిందో అడగలేదు. పంతొమ్మిదో ఏడుకు ముందా, తర్వాతా అన్నది తెలుసుకునే ధైర్యం లేదు.

ఎస్తేరును పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాం మొత్తం చదివించుకుంది. అంతా విన్నాక, అన్నిటికన్నా పైన ఒక్క మాట చేర్చమంది. రేడియన్. ఇక ఎవరు ఏ పాకకు వాసాలు కోసుకున్నా, ఈ లెక్క మొదలుపెట్టేటప్పుడు దానంతట అదే సరైన పద్ధతిలోకి వచ్చేస్తుందట.

"ఇది అప్పుడే పెట్టి ఉండాల్సింది," అంది. "ఏ పద్ధతిలో ఉందో రాసిపెట్టడం తోచింది గానీ, తప్పుంటే ఆపాలని తోచలేదు. అది నా తప్పు. మీకు చెప్పాలనే వచ్చాను."

ముప్పై ఏళ్లలో ఆమె తన తప్పు ఎక్కడుందో వెతికి, ఒక్క మాటలో దిద్దింది. నేను నాదాన్ని కలరా ఉండలు వేసి పంచెలో దాచుకున్నాను.

పాటు వేళయింది. తెర మీద 132. అలవాటు కొద్దీ మంచె ఎక్కి అరిచాను. నిన్నటిదాకా పలికిన ఒకటో గేటు ఇవాళ పలకలేదు. మళ్లీ అరిచాను. ఏడు గేట్ల మీదా మనుషులు నిలబడే ఉన్నారు, గొలుసులు చేతుల్లోనే ఉన్నాయి. గాలి తప్ప ఏమీ వినపడలేదు. సముద్రం దిగుతోంది, నిమిషాలు పోతున్నాయి.

శేషారత్నం గుమ్మంలోకి వచ్చింది. "ఎంత వచ్చిందండీ? నాకు తెర కనపడదు."

"నూట ముప్పై రెండు," అన్నాను మంచె దిగుతూ.

"మళ్లీ చూసి చెప్పండి."

లోపలికి వెళ్లి మళ్లీ చూసి వచ్చి చెప్పాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని, నిచ్చెన తడుముకుంటూ మంచె ఎక్కింది. ఆమె గొంతు సన్నం. నూట ముప్పై రెండు అని అరిస్తే నా కేకలో సగం కూడా లేదు.

ఏడు గేట్లూ పలికాయి.

ఇకమీదట నా పని తెర చూసి అంకె ఆమెకు చెప్పడం. రెండుసార్లు చూసి చెప్పడం. నాంచారయ్యగారూ అని పిలుస్తోంది. మునుపటిలా అన్నయ్యా అనమని అడుగుదామని ఉంటుంది. అడిగే నోరు నాకు లేదు.